ఖాళీ ఇళ్ళలో ఏసీలు

వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచిన మొదటి రోజు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి పాపకి జడ వేస్తున్నాను. రోడ్డుకి అవతల అమెరికావాళ్ళుండే కాంపౌండ్ గోడ. గేటు ముందు పరిచిన సిమెంటు దిమ్మెల మధ్య మెలికలు తిరుగుతూ వాళ్ళ పిల్లల పసుపుపచ్చ స్కూలు బస్సు బయటికొచ్చింది. మా బాబు స్టూలెక్కి ఎప్పటిలాగే చెయ్యి ఊపుతూ, మధ్యలో ఆపేశాడు.

"అమ్మా, బస్సులో ఎవురూ లేరు."

చూశాను. ముందు పాకిస్తానీ డ్రైవరు, అతని వెనక ఒళ్ళో చేతులు పెట్టుకుని ఫిలిప్పీన్స్ ఆయా. మిగతా సీట్లన్నీ ఖాళీ. బస్సు మామూలుగానే దిమ్మెలు దాటి, మామూలుగానే గేటు దగ్గర ఆగి, హైవే వైపు తిరిగింది. నా వేళ్ళు పాప జడలోనే ఆగిపోయాయి. ప్రమాదం వస్తోందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే.

ఖాళీ బస్సును చూసి అంత భయపడటమేమిటని ఊళ్ళో వాళ్ళకి అనిపించవచ్చు. సౌదీలో, దమ్మామ్‌లో మనవాళ్ళకి అనిపించదు. అక్కడ మనవాళ్ళలో ఒక అలవాటుంది. టీవీ నమ్మరు, పేపరు నమ్మరు, ఎంబసీ కబురు చేసేసరికి పొద్దుపోతుందంటారు. అమెరికావాళ్ళ పెళ్ళాం పిల్లల్ని చూస్తారు. వాళ్ళు షాపింగ్ మాల్లో ఐస్‌క్రీములు తింటున్నంతకాలం ఏ భయమూ లేదు. వాళ్ళని విమానమెక్కించారంటే మనం పాస్‌పోర్టులు వెతుక్కోవాలి.

నా భర్త పని ఆ గోడ లోపలే. పాలిటెక్నిక్ చదివి, ఆ కాంపౌండ్‌లో ఇళ్ళ మరమ్మతులు చూసే కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడు. ముఖ్యంగా ఏసీల పని. మాది కడప జిల్లా. పెళ్ళయిన ఏడాదికి నన్ను తీసుకెళ్ళాడు. పాప ఊళ్ళో పుట్టింది, బాబు అక్కడే పుట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి రాగానే అడిగాను. "బస్సు ఖాళీగా పోయింది. మీరు చూసినారా?"

"చూడకేం. పిల్లోళ్ళుండే ఇండ్లకు ఎవురూ తిరిగి రాలేదు. సెలవులకి పొయినోళ్ళు పొయినట్టే."

"ఎందుకంట?"

"మనకు చెప్తారా మే? ఏసీ చల్లగా లేకుంటే చెప్తారు గానీ, ఇట్లాంటివన్నీ చెప్తారా?"

ఆయన నవ్వి, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. 

*

నా భయం వెనక ఒక కథ ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా నాయన కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను పాకుతున్న పిల్లనట. మా అమ్మ రేడియో ముందు కూర్చుని నాకు పాలిచ్చేదట. మా నాయన ఎడారి దాటి జోర్డాన్ చేరి, అక్కడి డేరాల్లో పడుండి, మన ప్రభుత్వం పంపిన విమానంలో ఒక ప్లాస్టిక్ సంచితో ఇంటికొచ్చాడు. ఇంట్లో ఉన్న ఆ కొన్ని నెలలూ నన్ను భుజం మీద నుంచి దించలేదని అమ్మ చెప్తుంది. తర్వాత అమెరికా యుద్ధం చేసి కువైట్‌ని విడిపించింది. మా నాయన మళ్ళీ వెళ్ళిపోయాడు. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయనంటే, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లలో వినిపించే గొంతు మాత్రమే. రెండేళ్ళకోసారి వచ్చే మనిషికీ ఆ గొంతుకీ సంబంధం ఉందని నేను చాలాకాలం నమ్మలేదు.

కడపలో డిగ్రీలో నేను తీసుకున్నవి చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి. అమెరికా సామ్రాజ్యవాద ఆవిర్భావం అని ఒక పాఠం ఉండేది. చెప్పే మేడం సన్నగా, గొంతు పెద్దగా ఉండేది. గోడకి పసిఫిక్ మహాసముద్రం పటం తగిలించి, బెత్తంతో ఒక్కో చుక్కా చూపించేది. హవాయి, గువామ్, మనీలా. "వాళ్ళకి పొలాలు కావాలని కాదమ్మా. ఓడలకి బొగ్గు కావాలి. బొగ్గు నింపుకునే రేవు కావాలి. ఆ రేవుని కాపాడుకోవడానికి ఇంకో రేవు కావాలి." స్పెయిన్ నుంచి స్వేచ్ఛ ఇప్పిస్తామని ఫిలిప్పీన్స్‌కి వెళ్ళి, అక్కడే కూర్చుని, స్వేచ్ఛ అడిగినవాళ్ళతోనే యుద్ధం చేశారని చెప్పింది. బొగ్గు పోయి నూనె వచ్చాక రేవులు మారాయంది. ఒక అమెరికా అధ్యక్షుడూ సౌదీ రాజూ యుద్ధనౌక మీద కలుసుకుని మాట్లాడుకున్న సంగతి కూడా చెప్పింది. నూనె మీది, కాపలా మాది, అదీ ఒప్పందం.

ఆ సాయంత్రమే నేను ఎస్‌టీడీ బూతుకి పరిగెత్తి మా నాయనకి ఫోను చేశాను.

"నాయనా, అమెరికావాళ్ళు మీకోసం రాలేదు. నూనె కోసం వచ్చినారు."

"దేనికోసం వస్తే ఏమిమ్మా, వచ్చినారు గదా. నా కొలువు నాకు తెచ్చిచ్చినారు."

"అది సామ్రాజ్యవాదం నాయనా!"

"కానీలేమ్మా. నీ ఫీజు గూడా దాంట్లోదే."

ఆయన నవ్వాడు. దానికి జవాబు నాకు తర్వాత ఎన్నో ఏళ్ళకి గానీ దొరకలేదు. వాళ్ళు ఆయనకి కొలువు తెచ్చిచ్చారు నిజమే, దాని కోసం ఆయన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోయారు. అందుకే పెళ్ళిచూపుల్లోనే అడిగాను, నన్ను తీసుకుపోతారా అని. పెద్దవాళ్ళు నోరు నొక్కుకున్నారు. ఆయన మాత్రం "తీసుకుపోతా" అన్నాడు. నాకు నగా వద్దు, ఇల్లూ వద్దు. నా పిల్లలు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అన్నం తినాలి. నేను అడిగింది అదొక్కటే.

*

ఆ ఒక్కటీ అప్పటికే కష్టమవుతోంది. కంపెనీల్లో సౌదీవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కబెట్టి, దాన్నిబట్టి కంపెనీకి ఒక రంగు ఇచ్చే నితాఖత్ పద్ధతి వచ్చి కొన్నేళ్ళయింది. పచ్చ రంగులో ఉన్న కంపెనీకి అన్నీ జరుగుతాయి. ఎరుపులో పడితే పనివాళ్ళ ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, కొత్తవి ఇవ్వరు. దాని మీద కుటుంబాల పన్ను వచ్చింది. భార్యకింత, పిల్లకింత, ఏటేటా పెరిగేట్టు. మా బిల్డింగులో తెలుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తలుపుల ముందు చెప్పుల గుంపులు ఖాళీ అయ్యాయి. అందరూ పిల్లలకి ఒకటే మాట చెప్పేవాళ్ళు: సెలవులకి పోతున్నాం. పిల్లలు తిరిగొచ్చేస్తామని పెన్సిళ్ళ డబ్బా కూడా బెంచీలోనే వదిలి వెళ్ళేవాళ్ళు. నాన్నలు గది ఖాళీ చేసి, ఆరుగురు పడుకునే బ్యాచిలర్ గదులకి మారేవాళ్ళు. అక్కడ పెళ్ళయినవాడు కూడా బ్యాచిలరే.

మేము మాత్రం ఉండిపోయాం. నేను పట్టుబట్టాను. ఆయన ఓవర్‌టైం చేశాడు.

ఉండిపోయినందుకు నాకు దొరికింది మధ్యాహ్నాల నిశ్శబ్దం. పిల్లలు బడికెళ్ళాక మాట్లాడ్డానికి మనిషి ఉండేది కాదు. బయటికెళ్ళాలంటే అబాయా అనే నల్ల అంగీ వేసుకుని ఆయన కోసం ఆగాలి. ఫ్రిజ్ మోగే చప్పుడుకి ఒక రాగముందని నాకు అక్కడే తెలిసింది.

నాకు మిగిలిన ఒకే ఒక్క తెలుగు మనిషి పై అంతస్తు నర్సు అక్క. భీమవరం వైపు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చదివించి పెళ్ళిళ్ళు చేసింది. గల్ఫ్ యుద్ధానికి కొద్దిగా ముందు కొత్త నర్సుగా దిగిందట. శుక్రవారం పొద్దున తలుపులేసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, సన్నగా క్రైస్తవ ప్రార్థన వినేది, అక్కడ చర్చిలకి అనుమతి లేదు. డ్యూటీ లేనప్పుడు చేపల పులుసు గిన్నెతో కిందికి దిగొచ్చేది.

ఖాళీ బస్సు సంగతి చెప్పగానే గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టేసింది.

"అమ్మాయ్, నువ్వు కళ్ళారా చూసావా?"

"చూసినానక్కా."

"అప్పుడూ అంతేనే. మా వార్డులో ఇద్దరు అమెరికా నర్సులుండేవారు. డ్యూటీ చెప్పులు ఆస్పత్రిలోనే వదిలేసి ఎల్లేవారు. ఓ రోజు చూత్తే చెప్పులు లేవు. మా హెడ్ నర్సమ్మ అంది, చెప్పులు కూడా పట్టుకెళ్ళిపోయారంటే ఇంక రారే, మన పని మనం చూసుకోవాలీ అని. తర్వాత సైరన్లు మోగాయి. గ్యాసు మాస్కు పెట్టుకుని ఇంజెక్షన్లు ఇచ్చాను నేను. రోగి నన్ను చూసి జడుసుకున్నాడు, బాంబుని చూసి కాదు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడే నాకు పని నేర్పింది. కిటికీల అంచులకి ప్లాస్టిక్ షీటు పెట్టి గోధుమరంగు టేపు ఎలా అంటించాలి. బియ్యం ఎక్కడ పెట్టాలి. సైరన్ మోగితే కిటికీ లేని స్నానాల గదిలోకి పిల్లల్ని ఎలా తీసుకెళ్ళాలి. పిల్లలు అదొక ఆటనుకుని రోజూ ఆడదామనేవారు. నేను వాళ్ళని తొట్టి పక్కన కూర్చోబెట్టి, తలుపు కింద తడి తువ్వాలు దోపి, చీకట్లో వాళ్ళ ఊపిరి వింటూ కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లో యెమెన్ వైపు నుంచి క్షిపణులు వస్తున్నాయి. పక్కనున్న ఖతర్‌తో సరిహద్దు మూసేశారు. ఇరాన్ గురించి టీవీలో రోజూ ఏదో ఒకటి. అమెరికా కొత్త అధ్యక్షుడు వచ్చి ఆయుధాలు అమ్మి వెళ్ళాడు. అన్నీ కలిపి చూస్తే నేను చదువుకున్న పాఠం ప్రకారం జవాబు ఒకటే. రేవుకి ప్రమాదమొచ్చింది, ఓడలు వస్తాయి, అందుకే ముందు తమ పిల్లల్ని తరలించారు. పరీక్షలో ఆ జవాబే రాసుంటే మంచి మార్కులు వచ్చుండేవి.

*

ఆయన మాత్రం నమ్మలేదు. నా వైపు నుంచి చరిత్ర, ఆయన వైపు నుంచి ఏసీలు.

"చూడు మే, ఆ ఇండ్లల్లో ఏసీలు ఆన్‌లోనే పెట్టమన్నారు. వాళ్ళు రాకపోతే కరెంటు దండగ చేసుకుంటారా?"

దమ్మామ్ గాలి సముద్రం గాలి. ఏసీ ఆగిన ఇంట్లో కొద్దిరోజుల్లోనే గోడలకి బూజు పడుతుంది. సీలింగు ఉబ్బుతుంది, తలుపులు తేమ పీల్చి మూతపడవు. అందుకే సెలవులకి వెళ్ళిన అమెరికావాళ్ళ ఇళ్ళలో ఏసీ సన్నగా నడుస్తూనే ఉంటుంది. దాన్ని చూసుకోవడం ఆయన పని. రోజూ కొన్ని ఇళ్ళు తాళం తీసి లోపలికెళ్ళాలి. ఫిల్టర్ చూడాలి, నీళ్ళు కారుతున్నాయేమో చూడాలి. ప్రతి పంపూ కాసేపు విప్పాలి, లేకపోతే గొట్టంలో నీళ్ళెండిపోయి బొద్దింకలు పైకొస్తాయి. మనుషులు లేని ఇళ్ళలో మనుషులున్నట్టు నీళ్ళు వదిలి, మనుషులున్నట్టు చల్లగా ఉంచి, తాళం వేసి రావాలి.

ఆ శీతాకాలమంతా మా సాయంత్రపు కబుర్లు ఆ ఇళ్ళే. ఆయన టీ తాగుతుంటే అడిగేదాన్ని, ఈ పొద్దు ఎవరింటికి పోయినారు అని. ఒకరింట్లో పియానో. మూత మీద దుమ్ము ఉంటే ఆయనే తుడిచాడట. ఒకరింట్లో ఫ్రిజ్‌కి పిల్లాడు వేసిన ఒంటె బొమ్మ, ఒంటెకి ఐదు కాళ్ళు. నేను ఎన్నడూ చూడని, చూడలేని ఆ ఆడవాళ్ళ వంటిళ్ళు నాకు కంఠతా వచ్చేశాయి. వాళ్ళు నాకు ఇరుగుపొరుగు అయిపోయారు. నాకున్న ఇరుగుపొరుగు అంతా ఊళ్ళో లేరు, అంతే.

ఒక రోజు ఆయన ఒక పటం గురించి చెప్పాడు. ఒకరింటి హాల్లో గోడంత ప్రపంచ పటం. దాని మీద రంగురంగుల గుండుసూదులు. ఆ కుటుంబం కాపురమున్న ఊళ్ళట.

"ఏ ఏ ఊర్లు?" అన్నాను.

"ఏమో. జపాన్ కింద ఒక దీవికి ఒకటి. జర్మనీకి. ఫిలిప్పీన్సుకి. అమెరికా కింద ఆ సన్నగా ఉంటాది చూడు, కాలవ, ఆడ ఒకటి."

"పనామా."

"అదే. సౌదీకి మాత్రం లేదు."

"ఉన్న ఊరికి గుచ్చరేమో. వదిలిపెట్టి పొయ్యేటప్పుడు గుచ్చుతారేమో."

ఆయన టీ గ్లాసు పట్టుకుని నన్ను చూశాడు. "నీకు ఇట్లాంటివి యాడ తోస్తాయి మే?"

అది మా మేడం బెత్తంతో చూపించిన పటమే. చుక్కలు పెరిగాయి, అంతే. కానీ మేడం చెప్పనిది ఒకటి నాకు ఆ సూదుల్లో కనపడింది. ఆ సైన్యాలూ ఆ కంపెనీలూ వెళ్ళిన ప్రతి చోటికీ ఆ ఇంటి మనిషి భార్యాపిల్లల్ని వెంట తీసుకునే వెళ్ళాడు. పిల్లల బొమ్మలతో, పియానోతో వెళ్ళాడు. ఎవరి దేశమైనా సరే, నలుగురూ ఒక బల్ల ముందు కూర్చుని తిన్నారు. వాళ్ళ ఇళ్ళు చల్లగా ఉంచడానికి వచ్చిన మా నాయనలాంటి వాళ్ళు, మా ఆయనలాంటి వాళ్ళు, ఆ బల్ల కోసమే జన్మంతా ఇంకొకరి గేటు దగ్గర నిలబడ్డారు. ఆ ఇంటి ఆడమనిషి మీద నాకు కోపం రాలేదు. అసూయ కలిగింది. ఆ అసూయ నేను ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇప్పుడు కడపలో, పిల్లలు నిద్రపోయాక, ఇది రాస్తుంటే మళ్ళీ కలుగుతోంది.

*

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన వేళకి ముందే ఇంటికొచ్చాడు. చొక్కా మీద చెమట లేదు. కుర్చీలో కూర్చుని బూట్లు విప్పకుండా అన్నాడు.

"ఏసీలు ఆపేయమన్నారు."

"ఎవరింట్లో?"

"ఖాళీగా ఉండేటియన్నీ."

 ఇన్నాళ్ళూ ఆయన నాకిచ్చిన ధైర్యం ఆ ఏసీలే. అవి నడుస్తుంటే వాళ్ళు తిరిగొస్తారని, వాళ్ళు తిరిగొస్తే యుద్ధం రాదని. ఆపేశారంటే ఇక రారు. బూజు పట్టినా పర్వాలేదనుకున్నారంటే, ఆ ఇళ్ళు ఉంటాయనే నమ్మకం కూడా వాళ్ళకి లేదన్నమాట. నేను ఆయన్ని ఇంకో మాట అడగలేదు. మెట్లెక్కి అక్క తలుపు బాదాను.

"అక్కా! ఏసీలు ఆపేసినారు. అన్ని ఇండ్లల్లో!"

రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి, జుట్టు విరబోసుకునే వచ్చింది. నా మొహం చూసి ఏమీ అడక్కుండా టేపు చుట్ట తీసుకుంది. ఇద్దరం కిందికి పరిగెత్తాం. నేను బకెట్లు పంపు కింద పెట్టాను, గిన్నెలు, కుక్కరు, పాప వాటర్ బాటిలు, దొరికినదల్లా నింపుతున్నాను. అక్క కుర్చీ ఎక్కి కిటికీకి టేపు పళ్ళతో కొరికి అంటిస్తోంది. పిల్లలు అలవాటుగా తువ్వాలు పట్టుకుని స్నానాల గది ముందు నిలబడ్డారు. మధ్యలో ఆయన బూట్లతో అలాగే కూర్చుని ఉన్నాడు.

"మీరేంది అట్ల కూర్చున్నారు? పాస్‌పోర్టులు తియ్యండి!"

"యాందుకు మే?"

"యుద్ధమొస్తాంటే యాందుకంటారేంది?"

ఆయన మా నలుగురినీ, కిటికీనీ, పొర్లిపోతున్న బకెట్‌నీ చూశాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

"యుద్ధం ల్యా, ఏం ల్యా. లీజు అయిపోయింది."

అక్క కుర్చీ మీదే ఆగింది. "లీజేవిటి బాబూ?"

"ఆ ఇండ్లన్నీ ఒక అమెరికా కంపెనీ లీజుకు తీసుకునిందక్కా. గడువుండే కాడికి ఏసీలు నడిపినారు, గడువైపోయింది, ఆపేసినారు. ఇంగ కుటుంబాలు రావంట. వాళ్ళ మేనేజరే చెప్పినాడు పొద్దున, చెయ్యి కలిపి. మగోళ్ళు మాత్రం వంతులేసుకుని వస్తారంట, పది మంది ఒక బిల్డింగులో ఉంటారంట. వాళ్ళు గూడా ఇంగ బ్యాచిలర్లే."

"హమ్మయ్య!" అంది అక్క. కుర్చీ దిగి, గుండె మీద చెయ్యేసుకుంది. "ప్రభువా, వందనాలు. మాయదారి పిల్లా, నా నిద్ర పాడు చేసావు గదే! రోగం లేకుండానే ఆపరేషను చేయించావు నాచేత."

నేను కూడా నవ్వాను.  బాంబు పడదు. పిల్లలు బతికి ఉంటారు. ఆ నవ్వులో ఆయన వైపు చూసేసరికి ఆయన బూట్ల లేసులు విప్పుతున్నాడు, చాలా నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. అక్క నాకంటే ముందే కనిపెట్టింది. నర్సులకి మనిషి కూర్చున్న తీరు చూస్తే తెలిసిపోతుంది.

"పిల్లల్ని పైకి తీసుకెళ్తా," అంది మెల్లగా. "బిస్కట్లున్నాయి రండర్రా."

వాళ్ళు వెళ్ళాక పంపు కట్టేశాను. ఆయన చెప్పాడు. ఇళ్ళు లేకపోతే ఆయన కంపెనీకి పని లేదు. అసలే అది నితాఖత్‌లో పసుపు నుంచి ఎరుపులో పడింది. ఇఖామా గడువు దగ్గరికొస్తోంది, వాళ్ళు కొత్తది చేయించలేరు. దమ్మామ్ రేవు దగ్గర గోడౌన్లు చూసే ఇంకో కంపెనీ తీసుకుంటానంది. కానీ సూపర్‌వైజరుగా కాదు, మామూలు టెక్నీషియనుగా. ఇఖామాలో ఆ ఉద్యోగం పేరుంటే కుటుంబాన్ని ఉంచుకోనివ్వరు. వాళ్ళ క్యాంపులోనే పడుకోవాలి. మాకు ముగ్గురికీ ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోయే ముద్ర.

"మీరూ రండి," అన్నాను.

"వచ్చి?"

"కడపలో ఏసీలు లేవా?"

"ఉండాయి. బాగు చేసేటోళ్ళు గూడా ఉండారు, వీధికి నలుగురు." బూట్లు గోడవారకి పెట్టి అన్నాడు. "రెండేండ్లు చూస్తా."

"మా నాయన గూడా అదే చెప్పినాడు."

ఆయన తల వంచుకున్నాడు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.  కిటికీకి సగం అంటించిన టేపు ఊడి, ప్లాస్టిక్ షీటు ఒక మూల వేలాడుతోంది.

నేను ఇన్నాళ్ళూ ఓడల కోసం చూశాను. ఓడలు వచ్చేటప్పటి సంగతే నా పుస్తకంలో ఉంది: ఒక దేశం తన గడప దాటి ఎలా బయలుదేరుతుందో, రేవు తర్వాత రేవు ఎలా పట్టుకుంటుందో. దానికి ఒక ఊరు పెద్దగా అవసరం లేకపోతే ఏమవుతుందో ఏ పాఠంలోనూ లేదు. వాళ్ళ దేశంలోనే రాళ్ళ నుంచి నూనె తీస్తున్నారని, కాపలా కావాలంటే ఖర్చు మీరే పెట్టుకోండని వాళ్ళ పెద్దలు అంటున్నారని వార్తల్లో వింటూనే ఉన్నాను. అది దేశాలకి చెప్పే మాట అనుకున్నాను. అది మా వంటింటి వరకు వస్తుందనుకోలేదు. వాళ్ళు పూర్తిగా వెళ్ళిపోలేదు కూడా, కాంపౌండ్ గేటు దగ్గర కాపలా కాసే సాయుధ బండి ఇంకా నిలబడే ఉంది. కుటుంబాలని మాత్రం వెనక్కి పిలిపించుకున్నారు. వాళ్ళ విధానంలో అదొక చిన్న మార్పు. వాళ్ళ భార్యలు వాళ్ళ దేశంలో ఇప్పుడు ఏ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారో నాకు తెలీదు. వాళ్ళకి నేనొకదాన్ని ఉన్నానని తెలిసే అవకాశమే లేదు.

సాయంత్రం టికెట్ల మాట వచ్చింది. పరీక్షలయ్యేదాకా ఆగవచ్చా అని చూశాం, ఆగలేం. అక్క తెచ్చిన పులుసు ఎవరూ తినలేదు. పిల్లలు హాల్లో బొమ్మలతో ఆడుకుంటున్నారు. ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"పిల్లోళ్ళకు సెలవులకని చెప్పు మే. అందరూ అట్లనే చెప్తారు. ఏడ్వకుండా పోతారు."

"నేను చెప్పను."

"మరి ఏం చెప్తావు? చిన్నోడు వాడు. వానికేం అర్థమవుతాది?"

"అర్థమయినంత అర్థమవుతాది. నేను మా నాయన కోసం ప్రతి సెలవులకీ ఎదురుచూసినా. ఈ వేసవికి వస్తాడు, ఈ పండక్కి వస్తాడు అని మా అమ్మ చెప్పేది. ఆమె మీద నాకు నమ్మకం పోయింది గానీ ఏడుపు తగ్గలేదు. వీళ్ళకి మీరు దూరమైతారు. నేను గూడా అబద్ధమయిపోతే వీళ్ళకి ఎవరుంటారు?"

ఆయన లేచి వెళ్ళి బాబు పక్కన నేల మీద కూర్చుని, చక్రం ఊడిన కారుకి చక్రం పెట్టడం మొదలుపెట్టాడు.

*

మర్నాడు శుక్రవారం. బడి లేదు. ఆయన జుమ్మా రోజున కూడా కంపెనీలో కాగితాలేవో ఉన్నాయని పొద్దున్నే వెళ్ళాడు. ఉండలేక వెళ్ళాడని నాకు తెలుసు. ఉప్మా చేసి ఇద్దరినీ నేల మీద నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ముందు నేను తిన్నాను, గొంతు సరిగా ఉండాలని. తర్వాత చెప్పాను.

మనం ముగ్గురం కడపకి పోతున్నాం. సెలవులకి కాదు. తిరిగి ఇక్కడికి రాము. నాన్న మనతో రాడు, ఇక్కడే వేరే పనిలో ఉంటాడు. మనమంటే ఇష్టం లేక కాదు. మీరు అల్లరి చేశారనీ కాదు. నాన్నకి కొత్త పనిలో పిల్లల్ని దగ్గర పెట్టుకోనివ్వరు, అందుకని.

"ఎవురు పెట్టుకోనివ్వరు?" అన్నాడు బాబు.

ఒక మనిషిని చూపించలేనని చెప్పాను. ఇక్కడి రాజుల చట్టం ఒకటి, ఎక్కడో అమెరికాలో కంపెనీవాళ్ళు తీసుకున్న నిర్ణయం ఒకటి, అవి తీసుకున్నవాళ్ళెవరికీ మనం తెలీదని చెప్పాను. మనకి కీడు చెయ్యాలని ఎవరూ అనుకోలేదని, అయినా జరిగిందని చెప్పాను. వాడు ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలీదు.

"నాన్న ఎప్పుడొస్తాడు?" అంది పాప.

"నాకు తెలీదు. తెలిసిన రోజు మీకే ముందు చెప్తా. తెలీకుండా మాత్రం ఎప్పుడూ చెప్పను. నాన్నని చూడాలనిపిస్తే ఏడ్వండి, నేను గూడా ఏడుస్తా. ఏడ్చి మళ్ళా అన్నం తిందాం."

పాప తన పళ్ళెం పక్కకి జరిపింది. తర్వాత అడిగింది, ఆదివారం బడి తెరిచాక మిస్సుకి ఏమని చెప్పాలి అని.

"పోతున్నామని చెప్పు," అన్నాను. "ఊరికి పోతున్నామని కాదు, వెళ్ళిపోతున్నామని చెప్పు. నీ బెంచీలో ఉండే పుస్తకాలు, పెన్సిళ్ళు, అన్నీ తెచ్చేసుకో. నీ పక్కన కూర్చునే అమ్మాయికి కూడా నువ్వే చెప్పు. ఆ అమ్మాయి నీకోసం ఎదురుచూడకూడదు."